గది ఖాళీగా ఉంది

"రెండో గదిలో తేడా ఉందండి. తలుపు రావట్లేదండి."

సత్తెమ్మ ఫోనులో అన్న మాట ఇది. సరిగ్గా అప్పుడే మోదుగులంక బస్టాండులో అమలాపురం బస్సు వెనక్కి తిరుగుతూ హారన్ కొట్టింది. ఆ హారన్ 'డా' అనే అక్షరాన్ని తొక్కుకుంటూ పోయింది. పురపాలక సంఘంలో భవన నియమావళి తనిఖీ అధికారి పేరిశెట్టి గవర్రాజు చెవికి చేరింది మాత్రం, "రెండో గదిలో తేజ ఉందండి. తలుపు రావట్లేదండి."

తేజ ఆయన కన్నబిడ్డ.

గవర్రాజుని ఊళ్ళో ఎవరూ గవర్రాజు అనరు. గాబర్రాజు అంటారు. వాన పడితే పునాది నానుతుందని, పడకపోతే నేల బీటలిచ్చి గోడ కుంగుతుందని, రెంటికీ సమానంగా బెంగపెట్టుకునే మనిషి. యాభై నాలుగేళ్ళ వయసులో ముప్పై ఏళ్ళు కొలత టేపు పట్టుకునే గడిపాడు. తలుపు కింద సందులో బస్సు టికెట్టు దూర్చి, దూరితే ఫెయిలు, దూరకపోతే పాసు అనే రకం. నియమావళిని అందరూ 'కోడ్' అంటారు కాబట్టి, కోడ్‌గుడ్డు మీద ఈకలు పీకడంలో ఆయనకి ఆయనే సాటి అని ఆఫీసులో చెప్పుకుంటారు.

అలాంటివాడు టేపూ టికెట్టూ డిపో మేనేజరు బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు.

బస్టాండు తూర్పు మూలన కొత్తగా కట్టిన నాలుగు 'అందరి గదులు' ఉన్నాయి. ఇటు మగ, అటు ఆడ అని చీల్చకుండా ఎవరైనా వెళ్ళి గడియ పెట్టుకోగలిగే మరుగుదొడ్డి ప్రతి బస్టాండులోనూ ఉండాలని కొత్త కోడ్ వచ్చాక, జిల్లాలో మొదట కట్టినవి ఇవే. మర్నాడు పదింటికి ప్రారంభం. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. గుమ్మాలకి పసుపు రాశారు. మెట్టు ముందు ముగ్గేశారు. "చెప్పులండీ, చెప్పులు," అని కాపలా చూసే సత్తెమ్మ బకెట్టు మోసుకొస్తూ దూరం నుంచే కేకేసింది. గవర్రాజుకి వినిపిస్తేనా? మోకాళ్ళ నొప్పులకి డాక్టరు రాసిచ్చిన దళసరి రబ్బరు చెప్పులతో ముగ్గు తొక్కి, తడి టైల్స్ మీద నాలుగు మట్టి అడుగులు వేసి, బిగుసుకున్న రెండో తలుపుని భుజంతో నెట్టి లోపల పడ్డాడు.

తేజ లేరు. ఎవరూ లేరు. వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. లోపలెక్కడో గడియ టక్కుమంది.

పైనుంచి ఒక గొంతు వినిపించింది. "గది ఖాళీగా ఉంది. శుభ్రపరచడం మొదలవుతుంది. దయచేసి తలుపుకి దూరంగా నిలబడండి."

అది తేజ గొంతు. బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పేది తేజే కాబట్టి ఈ గదులకి కూడా ఆ గొంతే రికార్డు చేశారు. తండ్రి లోపల నిలబడి ఉండగా, బిడ్డ గొంతు లోపల ఎవరూ లేరని చల్లగా చెప్పింది.

గవర్రాజు గోడ పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కాడు. చప్పుడు లేదు. ఎందుకు లేదో ఆయనకి తెలుసు. పరీక్షలప్పుడు ఒక బల్లి ఆ బొత్తాం మీద పాకి మాటిమాటికీ గంట మోగిస్తోందని, మనుషుల్ని పసిగట్టే ఆ గదుల గోడ, లోపల మనిషి ఉన్నట్టు ఒప్పుకుంటేనే బొత్తాం పనిచేసేలా మార్చారు. ఆ మార్పు కాగితం మీద సంతకం ఆయనదే. ఇప్పుడు గోడ లెక్కలో తను బల్లి కంటే ఎక్కువ కాడు.

తలుపు మీద బాదాడు. నేల దగ్గర గొట్టాలు గుర్రుమన్నాయి. మరుగు కోసం కట్టిన దొడ్డి మరగడం మొదలెట్టింది. తెల్లటి ఆవిరి అడుగునుంచి లేచి ఎడమ చేతిని తాకింది. అది ఇడ్లీలు ఉడికించే వేడి. గవర్రాజు కమోడు మీదకెక్కి, చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని, గాలికోసం పైకప్పు వైపు మొహమెత్తాడు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. గడియ ఊడింది. తలుపు తెరుచుకుంది. మెయిన్ స్విచ్చి లాగేసిన చేత్తోనే సత్తెమ్మ నోరు మూసుకుని నిలబడి ఉంది.

"పచ్చదీపం వెలుగుతుందండి. ఖాళీ అని. మరి లోపల్నించి దబదబా చప్పుడేంటా అని..." ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరెలా దూరారండీ బాబూ?"

"తేజ ఏరీ?"

"మైకుగారా? మైకు దగ్గరే ఉన్నారండి. వినపట్లేదేంటండీ?"

నెత్తి మీద స్పీకరు, రాజోలు బస్సు మూడో నంబరులోకి వస్తున్నదని చెబుతోంది.

"లోపల తేజ ఉందన్నావు కదా నువ్వు."

"తేడా ఉందన్నానండి. తలుపు బిగుసుకుపోయిందని చెబుదామని." ఆమె బకెట్టు చల్లనీళ్ళు ఆయన చేతి మీద కుమ్మరించింది. "మైకుగారిని నేనెప్పుడైనా పేరెట్టి పిలిచానాండీ?"

పిలవదు. నిజమే. కానీ గవర్రాజు చెవిది కూడా పూర్తిగా తప్పు కాదు. తేజని ఆ బస్టాండులో కొందరు వెనకనుంచి 'తేడా' అంటారు. ఎనిమిదేళ్ళుగా ఆ రెండు మాటలూ ఆయన చెవిలో పక్కపక్క సీట్లలో కూర్చునే ప్రయాణం చేస్తున్నాయి.

*

గంట తిరక్కుండా ఇద్దరు వచ్చారు. ఒకరు ఆ గోడని కనిపెట్టిన డాక్టర్ గుత్తుల వనజాక్షి. ఊరి ఇంజనీరింగు కాలేజీలో ప్రయోగశాల ఆమెది. రెండోవారు కమిషనరు శ్రీరంగపతి. ఏ మాటకీ అటో ఇటో దూకకుండా అరగంట కూర్చోగల మనిషి. గోడ మీద పిల్లి అంటారు.

"గోడకి చెవులుంటాయంటారు, గుండె కూడా ఉంటుందని మీరొచ్చాకే తెలిసిందమ్మా," అన్నాడు కమిషనరు. "మరి మా గవర్రాజు గుండె దానికి వినపడలేదంట."

"అది జరగదండి." వనజాక్షి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. నేల మీద నిలబడగానే తలుపు మీది పచ్చదీపం ఎర్రబడింది. ఆమె గుండె కొట్టుకున్న ప్రతిసారీ దీపం కొద్దిగా కదిలింది. "దీనికి కళ్ళు లేవు. మీ పేరడగదు, ఆడా మగా అడగదు. గుండె కొట్టుకుంటే ఆ అదురు కాళ్ళలోంచి నేలకి, నేలలోంచి గోడకి చేరుతుంది. గచ్చులో కలిపిన పొడి దాన్ని పట్టుకుంటుంది. ఒక ప్రాణం ఉందా, లేదా. అంతే. ఉంటే తలుపు బయటనుంచి తెరుచుకోదు. ప్రాణం నీరసపడితే తెరుచుకుని గంట కొడుతుంది. లేకపోతే కడుక్కుంటుంది."

"నేను తలుపు బాదానమ్మా. అంత చప్పుడు వినపళ్ళేదా?"

"పెద్ద అదుర్లు పట్టించుకోవద్దని నేర్పానండి. బస్టాండు కదా, బస్సులు పోతుంటాయి. చిన్నగా, లయగా వచ్చేదాన్నే వింటుంది."

కమిషనరూ జోళ్ళు విడిచి వెళ్ళాడు. ఎర్రదీపం. సత్తెమ్మ వెళ్ళింది. ఎర్రదీపం. "ఇప్పుడైనా చెప్పులిప్పండి. ఇందాక గాబరాలో దూరిపోయారు, మరకలన్నీ మళ్ళీ తుడిచాను," అని సత్తెమ్మ సణిగితే, గవర్రాజు సిగ్గుపడి చెప్పులు మెట్టు కింద విడిచి వెళ్ళాడు. ఎర్రదీపం. రెండో గది, మూడో గది, నాలుగో గది. ఇరవైసార్లు వెళ్ళొచ్చాడు. ఇరవైసార్లూ గోడ ఆయన్ని సజీవుడిగానే గుర్తించింది.

"గీజరు గొట్టం తగిలుంటుందయ్యా చేతికి," అన్నాడు కమిషనరు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు గవర్రాజూ. రేపు పదింటికి నీ సంతకం పడాలి. ఆవిరి కడుగుడు చూడ్డానికి పై నుంచి పెద్దలొస్తున్నారు. పడకపోతే నేను చేసేదేం లేదు. అవి తగిలించేస్తాను."

ఆయన చెయ్యి చూపించిన వైపు రెండు బోర్డులు గోడకి ఆనించి ఉన్నాయి. 'పురుషులు', 'స్త్రీలు'. రంగు ఇంకా ఆరలేదు.

*

గవర్రాజుకి కొత్త బెంగ పట్టుకుంది. గోడ అబద్ధం చెప్పలేదేమో. ఆ నిమిషంలో తన గుండె నిజంగానే ఆగిపోయిందేమో. తేజ అన్న మాట వినగానే ఆగి, సత్తెమ్మ నీళ్ళు పోశాక మళ్ళీ మొదలై ఉంటుందేమో. మనిషి చచ్చి బతికితే ఆ సంగతి మనిషికి తెలుస్తుందా?

వెళ్ళి గుండె పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరు పొడవాటి కాగితం చదివి, "నిక్షేపంలా ఉందండి," అన్నాడు.

"మధ్యలో ఎప్పుడైనా ఆగి మొదలైనట్టుందా?"

"అది గుండె అండీ. సిటీ బస్సు కాదు."

గుండె బాగుంటే గోడ బాగాలేదన్నమాట. మధ్యాహ్నం మూడున్నరకి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాడు. ప్రయోగశాల మొదటి అంతస్తులో ఉంది. ఆయాసపడుతూ మెట్లెక్కి తలుపు దగ్గర ఆగాడు.

తలుపు పక్కన బోర్డు: 'పాదరక్షలు బయట విడువవలెను.' దాని కింద ముప్పై నలభై జతల చెప్పులు కుప్పపడి ఉన్నాయి. నల్లవి, ఎర్రవి, తెగి పిన్ను పెట్టుకున్నవి. లోపల యంత్రానికి కుంకుమ బొట్టు, వడిలిన బంతిపూల దండ.

గవర్రాజు అలవాటుగా వంగి తన చెప్పు పట్టీ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చెప్పులు చెప్పకుండా దాచిన సంగతి ఒక్కసారిగా ఒళ్ళంతా పాకింది.

ఆయన వంగినవాడు లేచి, చెప్పులతోనే లోపలికి నడిచాడు. "సార్, చెప్పులు, చెప్పులు," అని ఎవరో వెంటపడ్డారు. గది మధ్యలో నమూనాగా పోసిన నేల పలక ఉంది. గవర్రాజు దానిమీద ఎక్కి నిలబడ్డాడు.

పచ్చదీపం. ఖాళీ.

చెప్పులు విప్పి పక్కకి తోశాడు. ఎర్రదీపం. మళ్ళీ తొడుక్కున్నాడు. పచ్చదీపం.

వనజాక్షి బల్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. ఆయన రబ్బరు చెప్పుల్ని తన చేతుల్తో తీసుకుని అడుగు వత్తి చూసింది. వాటిని తనే తొడుక్కుని పలక ఎక్కింది. పచ్చదీపం అలాగే ఉంది. తను ఎనిమిదేళ్ళు పెంచిన గోడ తనని ఎరగనట్టు చూసింది.

"పదకొండు వందల నలభై రెండు మందితో పరీక్ష చేశానండి," అంది. "ముసలివాళ్ళు, గర్భిణులు, గుండె జబ్బులవాళ్ళు. ఒక్కరి దగ్గర కూడా తప్పలేదు. ఒక్కరు కూడా చెప్పులతో రాలేదు. నేనే రానివ్వలేదు. దుమ్ము పడుతుందని."

"అక్కడ సత్తెమ్మ రానివ్వలేదమ్మా. టైల్స్ పాడవుతాయని."

ఇద్దరూ ఆ కుప్ప వైపు చూశారు. చదువుకున్న గుమ్మంలోనూ చదువుకోని గుమ్మంలోనూ ఒకటే మర్యాద. ఆ మర్యాదే మధ్యాహ్నం ఒక మనిషిని ఉడకబెట్టబోయింది.

"పల్చటి చెప్పులైతే పట్టుకుంటుందేమోనండి," అంది వనజాక్షి. "అందరూ ఇంత దళసరివి వేసుకోరు."

"ఎంత దళసరైతే మనిషి చస్తాడో కొలిచి చెప్తారా? కావాలంటే నా టేపు ఇస్తాను."

ఆమె కుర్చీలో కూలబడింది. "బోర్డు పెడదామండి. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళమని."

"బస్టాండు మరుగుదొడ్లోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళెవరమ్మా?"

"సత్తెమ్మ ఉంటుంది కదండీ, చూసుకోడానికి."

"ఆవిడ అన్నానికి వెళ్ళినప్పుడు?"

వనజాక్షి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ ఆవిరి చూసే ఇంకో పదకొండు ఊళ్ళవాళ్ళు గోడ అడిగారండి. రేపు అది ఆగితే ఈ గోడ కథ ఇక్కడితో సరి. మీ సంతకం మీ ఇష్టం. నేనేం చెప్పలేను."

*

గవర్రాజు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. భార్య మాణిక్యం చేతి కట్టు చూసి గుమ్మంలోనే ఆపేసింది. సంగతంతా చెబుతూనే ఆయన కళ్ళు అరుగు మీది సంచీ వైపు పోయాయి. తేజ డ్యూటీ నుంచి వచ్చేశారన్నమాట.

ఇక్కడొక మాట చెప్పాలి. తనని అబ్బాయీ అనొద్దు, అమ్మాయీ అనొద్దు, తేజా అంటే చాలు అని పదహారో ఏట తేజ ఇంట్లో చెప్పేశారు. గవర్రాజు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వచ్చాడు అనాలా, వచ్చింది అనాలా అన్నదే ఆయన్ని తినేసింది. చివరికి ఎనిమిదో రోజున 'తేజ వచ్చారు' అనేశాడు. కన్నబిడ్డని గౌరవంగా పిలవకూడదని ఏ కోడ్‌లోనూ లేదు కదా. అప్పట్నుంచి ఎదురుగా ఉంటే నువ్వు, చాటున ఉంటే వారు. మాణిక్యం మొదట నవ్వింది. తర్వాత అలవాటైంది.

గవర్రాజు సంచీలోంచి నీళ్ళ సీసా తీశాడు. ఎత్తి చూడక్కర్లేదు, బరువే చెబుతుంది. పొద్దున మాణిక్యం నింపిన సీసా నింపినట్టే ఉంది.

రోజూ అంతే. ఆరింటి నుంచి రెండింటి దాకా మైకు ముందు కూర్చుని మాట్లాడే మనిషి, గుక్కెడు నీళ్ళు తాగరు. తాగితే వెళ్ళాలి. పాత దొడ్లో ఒక వైపు వెళ్తే మగాళ్ళు నవ్వుతారు, రెండో వైపు వెళ్తే ఆడాళ్ళు అరుస్తారు. ఒకసారి నవ్వు దాటి తన్నుల దాకా వచ్చింది. అప్పట్నుంచి వెళ్ళడం మానేశారు. దానికోసం తాగడం మానేశారు. మూత్రపిండాలు రెండుసార్లు చెడి ఆసుపత్రిలో పడుకున్నారు. మూడోసారి వస్తే మందులతో లొంగదని డాక్టరు గవర్రాజుని పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరితో అనరు.

తేజ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నారు. కట్టు మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టారు. "నా గొంతే చెప్పిందంట కదా. ఖాళీగా ఉందని."

"నీ తప్పేముంది? నీకు రాసిచ్చింది నువ్వు చదివావు."

"వినడానికి ఎలా ఉంది?"

"స్పష్టంగా ఉంది," అన్నాడు గవర్రాజు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మీదే ఆయన మధ్యాహ్నం నుంచి నోట్లో నానబెట్టుకున్న మాట బయటపెట్టాడు. "రేపు సంతకం పెట్టేస్తాను. నువ్వు మాత్రం చెప్పులు విప్పి వెళ్ళు. మర్చిపోకు. వట్టి కాళ్ళయితే దానికి తెలుస్తుంది. ఏం కాదు."

మాణిక్యం వంటింట్లో గరిట ఆపింది.

తేజ కట్టు మీద నుంచి వేలు తీసేశారు. "నాకు చెప్పారు నాన్నా. మిగిలినవాళ్ళకి ఎవరు చెప్తారు?"

"బోర్డు పెడతారంట."

"చదువు రానివాళ్ళకి? అర్జెంటుగా పరిగెత్తేవాళ్ళకి? ఇవాళ సత్తెమ్మత్త అరిస్తే మీకు వినపడిందా?" తేజ సీసా తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "రేపెవరో పెద్దావిడ వెళ్తుంది. పట్టి బిగించిన చెప్పులు, వంగలేదు. లోపల నిలబడుతుంది. అప్పుడు నేనే చెప్తాను. గది ఖాళీగా ఉంది, అని."

గవర్రాజు తల దించుకున్నాడు.

"సంతకం పెట్టకండి. ఇన్నాళ్ళు తాగలేదు, ఇంకొన్నాళ్ళు తాగకపోతే ఏమవుద్ది?"

ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

*

పొద్దున్న ఉప్మా ముందు పెట్టుకుని గవర్రాజు కోడ్ పుస్తకం తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా తప్పులు పట్టడానికే చదివిన పుస్తకం. ఆ వేళ మొదటిసారి ఒప్పు కోసం చదివాడు. పద్నాలుగు నియమాలు. ఒక్కొక్కటే పైకి చదువుతుంటే మాణిక్యం ఎదురుగా నిలబడి వింది.

"గోడ నేల నుంచి పైకప్పు దాకా ఉండవలెను. గడియ లోపలి మనిషి చేతిలో ఉండవలెను. నీరు, వెలుతురు, చేతికి ఆసరా ఉండవలెను. కరెంటు పోయినచో తలుపు తెరుచుకొనవలెను. వాడువారిని ఏ గుర్తూ అడగరాదు..." పద్నాలుగోది చదివి పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు.

"ఏంటండీ?"

"ఆవిరి లేదు."

"పొగలొస్తోందిగా ఆవిరి, తినండి."

"ఉప్మాలో కాదే, కోడ్‌లో. ఆవిరి ఉండాలని ఎక్కడా లేదు. గోడకి తెలివి ఉండాలని కూడా లేదు. మనమే పెట్టుకున్నాం." ఆయన ఉప్మా వదిలేసి లేచాడు. గుమ్మంలో కావాలనే రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు.

పదింటికి బస్టాండు తూర్పు మూలంతా జనం. రిబ్బను కట్టారు. పై నుంచి రావలసిన పెద్దలు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వడ్రంగి రెండు బోర్డుల పక్కన సుత్తి పట్టుకుని, ఏ తీర్పు వస్తే ఆ మేకు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. వనజాక్షి ఒక పక్కన నిలబడి ఉంది. రాత్రి నిద్రపోని మొహం.

"సంతకం," అన్నాడు కమిషనరు పెన్ను చాపి.

గవర్రాజు గుండె ఏ గోడకైనా వినిపించేంత గట్టిగా కొట్టుకుంటోంది. "ముందు ఒక్క నిమిషం అండి," అన్నాడు. "వనజాక్షిగారూ, ఆవిరి గొట్టం కట్టేయండమ్మా."

ఆమె కదల్లేదు. కమిషనరు వాచీ చూసుకున్నాడు. కుర్చీల్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గొట్టం కట్టేస్తే ఆమె ఎనిమిదేళ్ళు కట్టేసినట్టేనని అక్కడ తెలిసింది ఇద్దరికే. వనజాక్షి గవర్రాజు చేతి కట్టు వైపు చూసింది. తర్వాత వెనక్కి నడిచివెళ్ళి చక్రం తనే తిప్పేసింది.

గవర్రాజు ముగ్గు దాటి చెప్పులతో మెట్టెక్కాడు. సత్తెమ్మ నోరు తెరిచి, ఏమనుకుందో, మూసేసింది. ఆయన రెండో గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

తలుపు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. తేజ రికార్డు గొంతు నిదానంగా పలికింది. "గది ఖాళీగా ఉంది. శుభ్రపరచడం మొదలవుతుంది. దయచేసి తలుపుకి దూరంగా నిలబడండి."

ఖాళీ గదిలోంచి ఎవరో తలుపు తట్టారు.

టక్, టక్, టక్. జనంలో గుసగుసలు ఆగిపోయాయి. మళ్ళీ టక్, టక్, టక్. ముందు వరసలో ఒకావిడ పిల్లని దగ్గరకి లాక్కుంది. ఆవిరి లేని గొట్టాలు లోపల వట్టినే గుర్రుమన్నాయి. ఆ చప్పుడు ఎంతసేపు వినిపించాలో అంతసేపూ వినిపించనిచ్చి, సత్తెమ్మ వెళ్ళి మెయిన్ లాగింది. తలుపు తెరుచుకుంది. గవర్రాజు చెమటతో బయటికొచ్చాడు.

"అదండీ తేడా," అన్నాడు.

కమిషనరు గోడ మీద నుంచి ఎటు దూకాలో తేల్చుకోలేక కాసేపు ఊగాడు. "అయితే ఫెయిలేనా? ఆవిరి లేకపోతే ఇందులో కొత్తేముందయ్యా? ఆ బోర్డులు..."

వడ్రంగి సుత్తి ఎత్తాడు.

"కోడ్ ప్రకారం పాసండి," అన్నాడు గవర్రాజు. "పద్నాలుగు నియమాలూ సరిపోయాయి. పదిహేనోది లేదు. ఆవిరి గొట్టానికి సీలు వేస్తాను, గడియని గోడ చేతిలోంచి తీసేస్తాను. బొత్తాం గోడని అడక్కుండా మోగేలా మళ్ళీ మార్చాలి, తప్పుగా మార్చింది నేనే. అది ఇవాళే జరగాలి. గోడకి చెప్పులు తెలిసేదాకా తెలివి వద్దు. గడియ చాలు."

"మరి కడిగేదెవరు?"

"నేను సచ్చిపోయానా ఏంటండీ?" అంది సత్తెమ్మ. "చీపురుంది, చెయ్యుంది. తలుపు తట్టి, పలక్కపోతేనే తీస్తాను. గోడకంటే నయం కదండీ."

వెనకనుంచి ఒకాయన పక్షవాతం వచ్చిన తల్లిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యా, ఆ బోర్డులు పెడితే మా అమ్మని ఏ బోర్డు కిందకి తీసుకెళ్ళమంటారండి? అటెళ్తే నన్ను రానివ్వరు, ఇటెళ్తే ఆవిణ్ణి రానివ్వరు."

కుర్చీల్లోని పెద్దలు తలలూపడం చూసి కమిషనరు దూకేశాడు. వడ్రంగిని చూసి చెయ్యి ఊపాడు. వడ్రంగి సుత్తి దించి, బోర్డులు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, వాటి మీదే కూర్చున్నాడు. గవర్రాజు సంతకం చేశాడు. సంతకం కొంచెం వంకరగా వచ్చింది.

వనజాక్షి మెట్టు మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. ఒకటో నంబరు దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. "అందరూ ఒక్కొక్కరే రండి," అంది జనంతో. "చెప్పులు విప్పొద్దు."

అప్పుడు స్పీకరు గరగరమంది.

"ప్రయాణికులకు గమనిక. నిన్న రెండో గదిలో తేడా ఉందని సత్తెమ్మగారు ఫోను చేశారు. తేజ ఉందని మా నాన్న విన్నారు. గాబరాలో చెప్పులు విప్పకుండా లోపలికి పరిగెత్తారు. అందుకే ఈ సంగతి బయటపడింది. ఆ గోడకి అరికాళ్ళు మాత్రమే తెలుసు. ప్రయోగశాలలో అందరూ చెప్పులు బయట విడిచి వెళ్ళారు. ఇక్కడా విడిచే వెళ్ళారు. చెప్పులు వేసుకున్న మనిషి సంగతి దానికి ఎవరూ నేర్పలేదు. అందువల్ల ఆవిరి ఆపేశారు. గడియ మీరే పెట్టుకోండి, మీరే తీసుకోండి. లోపల ఎవరున్నారో తెలియకపోతే తలుపు తట్టండి, పలుకుతారు. చెప్పులతోనే వెళ్ళవచ్చు. ఎవరైనా వెళ్ళవచ్చు."

మాట ఆగింది కానీ మైకు ఆగలేదు. ఏదో మూత తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత బస్టాండు నాలుగు మూలల స్పీకర్లలోనూ గుటుక్కున ఒక చప్పుడు. మళ్ళీ ఇంకోటి. మళ్ళీ ఇంకోటి.

"మైకు పాడైనట్టుందే," అన్నాడు కమిషనరు.

"లేదండి," అంది సత్తెమ్మ. "మైకుగారు నీళ్ళు తాగుతున్నారు."